సమాసంలో అతుకు ఎక్కడ?
డచ్చి నామసమాసాల అక్షరం, ఊనిక, నిర్మాణం - ఒక విమర్శ

1995లో డచ్చి భాషకు సంబంధించి రెండు పుస్తకాలు వెలువడ్డాయి. ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు ఖేర్ట్ బోయ్ ఇంగ్లీషులో రాసిన 'ద ఫొనాలజీ ఆఫ్ డచ్'. ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించిన ఈ గ్రంథం డచ్చి ధ్వని వ్యవస్థను సమగ్రంగా వర్ణించింది. రెండవది, నెదర్లాండ్స్, ఫ్లాండర్స్ ప్రభుత్వాల ఉమ్మడి భాషాసంస్థ అయిన 'టాల్‌యూని' ఆమోదంతో వచ్చిన వర్ణక్రమ పదపట్టిక. అట్ట రంగునుబట్టి జనం దాన్ని 'ఆకుపచ్చ పుస్తకం' అంటారు. మొదటిది భాష ఎలా ఉందో చెప్పింది. రెండవది ఎలా రాయాలో శాసించింది. రెండింటికీ కఠిన పరీక్ష పెట్టినది ఒక్కటే - డచ్చి సమాసం. ఆ పరీక్షలో ఈ రెండు పుస్తకాలూ ఎంతవరకు నెగ్గాయన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచుకొన్నాను.

డచ్చి సమాసంతో మనకేమి పని అని పాఠకులు అడగవచ్చు. మచిలీపట్టణం, పులికాట్, భీమునిపట్టణాలలో డచ్చివారు రెండు శతాబ్దాలపాటు వర్తకం చేశారు. 1825లో ఈ తీరాన్ని విడిచి వెళ్లారు. పులికాట్ శ్మశానంలో వారి సమాధి ఫలకాల మీద ఆ భాష నేటికీ కనిపిస్తుంది. అయితే నా ఆసక్తికి కారణం ఆ చరిత్ర కాదు. సమాసమంటే మనకు విగ్రహవాక్యం, సమాసం పేరు. పాఠం అక్కడితో ముగుస్తుంది. సమాసాన్ని చెవి ఎలా గుర్తిస్తుందన్న ప్రశ్న మన తరగతిగదుల్లో వినిపించదు. డచ్చి వారి చర్చంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా రెండు మాటలు. ఈ వ్యాసంలో 'అక్షరం' అంటే సిలబుల్. లిపిలోని గుర్తు కాదు. 'ఊనిక' అంటే ఒక అక్షరాన్ని తక్కినవాటికంటె బలంగా పలకడం. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన అర్థం మారదు, డచ్చిలో మారవచ్చు. ఇక డచ్చి మాటలను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను. వాటిలో 'ఖ' ఉన్నచోట గొంతులో ఒరిపిడితో పలికే ధ్వనిగా గ్రహించాలి.

1. అక్షరం అతుకును దాటదు

సాధారణంగా డచ్చి పదంలో రెండు అచ్చుల నడుమ ఉన్న హల్లు రెండవ అచ్చుతో చేరుతుంది. ఇది మనకూ పరిచితమైన లక్షణమే. కాని సమాసంలో అతుకు దగ్గర ఈ చేరిక ఆగిపోతుంది. 'కెర్క్' అంటే చర్చి, 'అయిల్' అంటే గుడ్లగూబ. రెండూ కలిసి 'కెర్క్‌అయిల్' అనే పక్షి పేరు అయింది. క్ ధ్వని 'కెర్క్' లోనే నిలబడుతుంది. అది తరువాతి అచ్చుతో చేరితే 'కయిల్' వినిపిస్తుంది; దాని అర్థం గొయ్యి.

మరింత స్పష్టమైన ఉదాహరణ ఒకటుంది. 'క్వార్ట్' (పావు), 'స్లాఖన్' (తిప్పులు) కలిస్తే పావు తిప్పులు. 'క్వార్ట్స్' (స్ఫటికశిల), 'లాఖన్' (పొరలు) కలిస్తే స్ఫటికపు పొరలు. రాతలో ఈ రెండు సమాసాలకూ అణుమాత్రం తేడా లేదు. రెంటిలోనూ ఊనిక మొదటి అక్షరం మీదనే. స్ ధ్వని ఏ అక్షరంలో చేరిందన్న ఒక్క విషయమే వాటిని వేరుచేస్తుంది. అంటే ఇక్కడ అక్షరవిభజనే వ్యాకరణం.

బోయ్ దీనికి చెప్పిన కారణం సరళమైనది. సమాసంలోని ప్రతి అవయవమూ ధ్వనిరీత్యా ఒక స్వతంత్ర పదం. అక్షరవిభజన ఆ పదం హద్దుల్లోనే జరుగుతుంది. ఈ సిద్ధాంతానికి బలమైన సాక్ష్యం పదాంత నాదలోపం. డచ్చిలో పదం చివర బ్, డ్ వంటి నాదధ్వనులు ప్, ట్ అవుతాయి. బంగారం 'ఖౌట్', కాని 'బంగారు' అనే విశేషణం 'ఖౌడన్'. డ్ తరువాత అచ్చు రాగానే అసలు ధ్వని బయటపడింది. మరి ఆడర్ (నాళం) చేరినప్పుడు? తరువాత అచ్చు ఉన్నా 'ఖౌట్‌ఆడర్' అనే పలుకుతారు. డ్ తిరిగి రాదు. పక్కన అచ్చు ఉన్నా 'ఖౌట్' తన ఇంటి గడప దాటలేదన్నమాట.

అలాగని అతుకు రాతిగోడ కాదు. 'జక్' (సంచి, జేబు), 'డూక్' (గుడ్డ) కలిస్తే చేతిరుమాలు. దాన్ని 'జగ్‌డూక్' అని పలుకుతారు. రెండవ పదం మొదటి నాదధ్వని వెనక్కు వచ్చి క్‌ను గ్‌గా మార్చింది. 'హయిస్' (ఇల్లు), 'వ్రౌ' (స్త్రీ) కలిసినప్పుడు దిశ తిరగబడుతుంది. స్ ప్రభావంతో వ్ కాస్తా ఫ్ అయి 'హయిస్‌ఫ్రౌ' వినిపిస్తుంది. అక్షరాలు అతుకును దాటవు, నాదం దాటుతుంది. అక్షరవిభజన ధ్వనిపదం లోపల జరిగే పని. నాదమార్పు ధ్వనిపదాల మధ్య జరిగే పని. ఈ రెండు అంతస్తులనూ విడదీసి చూపడం బోయ్ గ్రంథంలో నేను అన్నిటికన్న మెచ్చుకొనే భాగం.

తెలుగు పాఠకుడికి ఈ రెండు అంతస్తులూ కొత్త కావు. కూర, కాయ కలిసి 'కూరగాయ' అవుతుంది; అన్న, తమ్ముడు కలిసి 'అన్నదమ్ములు' అవుతారు. గసడదవాదేశమని మనం పేరు పెట్టినది అతుకు దగ్గర జరిగే నాదమార్పే. అక్షరం విషయంలోనూ మన ఛాందసులకు సూక్ష్మమైన చెవి ఉంది. 'దేవప్రసాదం' అనే సిద్ధసమాసంలో ప్ర ముందున్న 'వ' గురువు. 'తన ప్రసాదం' అన్నప్పుడు అదే ప్ర ముందున్న 'న' లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసంలో అతుకు మూసుకొనిపోయింది. తెలుగు మాట తరువాత తెరచి ఉంది. డచ్చి సమాసం ఒకే పదంగా రాసినప్పటికీ, ధ్వనిలో మన రెండవ ఉదాహరణ వంటిది.

తెరచి ఉన్న అతుకు వల్ల ఒక సౌకర్యం ఉంది. వ్యవసాయం 'లాండ్‌బౌ', తోటపని 'తయిన్‌బౌ'. రెండూ కలిపి చెప్పేటప్పుడు డచ్చివారు 'లాండ్- ఎన్ తయిన్‌బౌ' అంటారు. ఉమ్మడి అవయవమైన 'బౌ' ఒకసారి చెబితే చాలు. మనం 'రామాలయం, శివాలయం' అన్న జంటలో ఆ పని చేయాలంటే ముందు సంధి విప్పి 'రామ, శివ ఆలయాలు' అనాలి. సంధి జరిగిన చోట పంపకం కుదరదు. డచ్చిలో రెండు అచ్చులు ఎదురైనా సంధి జరగదు. సముద్రపు బాతుకు 'జే-ఏంట్' అని పేరు; రెండు అచ్చులూ విడివిడిగానే ఉంటాయి. 1995 సంస్కరణ ఆ నడుమ అడ్డగీత పెట్టించింది. ఆ విషయంలో ఆకుపచ్చ పుస్తకం చెవి మాట విన్నది.

కాలక్రమంలో అతుకు మానిపోవడమూ ఉంది. బంగాళదుంప 'ఆర్డాపల్', 'ఆర్డ' అంటే భూమి, 'ఆపల్' అంటే ఆపిల్. నియమం ప్రకారం 'ఆర్ట్-ఆపల్' కావలసింది. కాని డ్ నిలిచి తరువాతి అచ్చుతో హాయిగా కలిసిపోయింది. రాతలో సమాసం, పలుకులో ఏకపదం. మనకు 'మీగడ' ఇటువంటిదే. మీదు, కడ అనే రెండు మాటలు అందులో ఉన్నాయని వ్యాకరణం చదివినవాడికే తెలుస్తుంది.

2. తల కుడివైపు, ఊనిక ఎడమవైపు

డచ్చి సమాసంలో ప్రధానపదం కుడిచివర ఉంటుంది. లింగాన్ని సూచించే ఉపపదం దాన్ని అనుసరిస్తుంది. 'స్టట్' (నగరం) 'డె' వర్గం. 'హయిస్' (ఇల్లు) 'హెట్' వర్గం. పురభవనం 'హెట్ స్టట్‌హయిస్'. కుడిపదం గెలిచింది. బహువచనం కూడా కుడివైపే చేరుతుంది. తత్పురుష లక్షణం తెలిసిన మనకు ఇందులో వింత లేదు. పాశ్చాత్య భాషాశాస్త్రం తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అన్న పేర్లను సంస్కృత వ్యాకరణం నుంచే తీసుకొన్నది.

వింత ఊనికలో ఉంది. అధికారం కుడిపదానిదైనా ఊనిక సాధారణంగా ఎడమపదానిది. 'జక్‌డూక్' లో 'జక్', 'కెర్క్‌అయిల్' లో 'కెర్క్' బలంగా పలుకుతాయి. ఎందుకు? ప్రధానపదం వర్గాన్ని చెబుతుంది, ఎడమపదం భేదాన్ని చెబుతుంది. గుడ్లగూబల్లో ఏ గుడ్లగూబ అన్నదే వినేవాడికి కావలసిన సంగతి. ఈ వివరణ ఆకర్షకంగా ఉంటుంది. అయినా నియమం దీనిమీద ఆధారపడలేదు. సందర్భం ఏదైనా ఊనిక ఎడమవైపే పడుతుంది. ఇది ఒకనాటి అర్థవివక్ష గడ్డకట్టి రూపనియమమైన స్థితి అని నేననుకొంటాను.

ఈ నియమానికి ఒప్పని మాటలు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఒక జాతివి కావు. మొదటి రకం, లోపల పదబంధం దాచుకొన్నవి. విశేషణం, నామం కలిసిన పదబంధంలో ఊనిక నామం మీద ఉంటుంది. 'హోఖెస్ఖోల్' (ఉన్నత విద్యాలయం), 'రోడెకోల్' (ఎర్ర క్యాబేజీ) అనే మాటల్లో విశేషణం చివరి 'ఎ' విభక్తిచిహ్నంలా మిగిలి ఉంది. అది పదబంధపు జన్మచిహ్నం. కనుక ఊనిక 'స్ఖోల్', 'కోల్' మీద పడుతుంది. వృద్ధుల ఆశ్రమం 'ఔడెమన్నెన్‌హయిస్' మరింత చక్కని ఉదాహరణ. 'ఔడె మన్నెన్' (వృద్ధపురుషులు) అనే పదబంధం ఎడమ అవయవం. సమాస నియమం ప్రకారం ఎడమ అవయవానికి బలం. ఆ అవయవంలోపల పదబంధ నియమం ప్రకారం 'మన్నెన్'కు బలం. రెండు నియమాలు ఒకదానిలో ఒకటి ఇమిడి పనిచేశాయి. ఇక్కడ ఊనిక నిర్మాణాన్ని అద్దంలా చూపుతుంది.

రెండవ రకం మొండివి. 'స్టట్‌హయిస్' లో ఊనిక 'హయిస్' మీద ఉంది. 'బూరన్‌కోల్' (రైతుల క్యాబేజీ అనబడే ఆకుకూర) లో 'కోల్' మీద ఉంది. వీటిలో విశేషణం లేదు, పదబంధమూ లేదు. ఇటువంటి వాటిని నిఘంటువులో గుర్తుపెట్టవలసిన అపవాదాలుగా ఈ సిద్ధాంత సంప్రదాయం పక్కన పెడుతుంది. నా అభ్యంతరం ఇక్కడే. అపవాదం అనడం వివరణ కాదు. వివరణను వాయిదా వేయడం. 'బూరన్‌కోల్' చుట్టాలను చూడండి. 'రోడెకోల్' (ఎర్రది), 'విట్టెకోల్' (తెల్లది) రెంటిలోనూ ఊనిక చివరనే. మూడింటిలోనూ 'కోల్' ముందు ఊనికలేని బలహీనాక్షరం ఉంది. 'బ్లూమ్‌కోల్' (కాలీఫ్లవర్), 'జూర్‌కోల్' (పులియబెట్టిన క్యాబేజీ) లలో ఆ బలహీనాక్షరం లేదు. ఊనిక నియమానుసారం ముందే ఉంది. కూరగాయల అంగడిలో 'బూరన్‌కోల్' ఎర్ర, తెల్ల క్యాబేజీల వరసలో చేరి వాటి నడకనే నేర్చుకొన్నదని చెప్పడం అసంభవమేమీ కాదు. మాటలు నియమాలనే కాక చుట్టాలను కూడా అనుసరిస్తాయి. 'స్టట్‌హయిస్' కు ఇటువంటి కుటుంబం కనబడదు. దాన్ని అపవాదమనే ఒప్పుకోవాలి. అపవాదాల రాశిలో కొన్నింటికైనా ఇల్లు చూపగలిగితే రాశి తగ్గుతుంది.

ఊనిక చూపలేని నిర్మాణాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో పెద్దల కోసం 'బూకన్‌వేక్' (పుస్తకాల వారం) జరుగుతుంది. పిల్లల కోసం జరిగేది 'కిండర్‌బూకన్‌వేక్'. ఇది పిల్లల 'పుస్తకాల వారమా', 'పిల్లల పుస్తకాల' వారమా? ఉద్దేశించినది రెండవదే. కాని ఊనిక 'కిండర్' మీద పడినందువల్ల మాత్రమే ఆ నిర్ణయానికి రాలేము. అక్షరవిభజన అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతుంది. ఊనిక మాట ఎక్కడ మొదలైందో చెబుతుంది. రెండు అతుకుల్లో ఏది లోతైనదో ఆ రెండూ చెప్పవు. అది లోకజ్ఞానం చెప్పాలి. ధ్వనిశాస్త్రం తన హద్దును ఇక్కడ గుర్తించాలి.

3. వినబడని న్

ఇక ఆకుపచ్చ పుస్తకం. డచ్చి సమాసంలో రెండు అవయవాల నడుమ అతుకు ధ్వని ఒకటి రావచ్చు. గొర్రె 'స్ఖాప్'. గొర్రెలకాపరి 'స్ఖాప్‌హెర్డర్'; ఏ అతుకూ లేదు. గొర్రెలదొడ్డి 'స్ఖాప్స్‌కోయ్', నడుమ స్. గొర్రెమాంసం 'స్ఖాపెవ్లేస్', నడుమ ఎ, రాతలో ఎన్. ఒకే మాటకు మూడు తీరులు. తెలుగులో 'తేనెటీగ' అంటాం, 'తేనెతుట్టె' అంటాం. 'నిలువుటద్దం' లోని ట్ ఎవరి సొత్తు? నిలువుదీ కాదు, అద్దానిదీ కాదు, అతుకుది. మన వ్యాకరణం దాన్ని టుగాగమం అన్నది, ఆగమమన్న పేరుతో అది అర్థంలేని అతుకేనని ఒప్పుకొన్నది.

డచ్చి వర్ణక్రమ నిర్ణేతలు అలా ఒప్పుకోలేదు. పశ్చిమ ప్రాంతపు ప్రామాణిక ఉచ్చారణలో ఊనికలేని ఎ తరువాతి న్ పలకరు. అందుచేత 'పన్నెకూక్' (పెనం మీద పోసే అట్టు) అని రాసినా 'పన్నెన్‌కూక్' అని రాసినా వినిపించేది ఒకటే. ఎప్పుడు న్ రాయాలి? 1954 నాటి నియమం అర్థాన్ని అడిగింది. అట్టుకు ఒక పెనం చాలు, కనుక న్ వద్దు. 'బూకన్‌కాస్ట్' (పుస్తకాల బీరువా) కు అనేక పుస్తకాలు కావాలి, కనుక న్ కావాలి. ప్రతి మాట దగ్గరా ఇలా లెక్కపెట్టవలసి వచ్చింది. 1995 నియమం రూపాన్ని అడిగింది. మొదటి పదం బహువచనం ఎన్‌తో మాత్రమే ఏర్పడితే సమాసంలోనూ ఎన్ రాయాలి. దానితో 'పన్నెన్‌కూక్' వచ్చింది. 1996 ఆగస్టు 1 నుంచి బడులకూ ప్రభుత్వ కార్యాలయాలకూ ఇది విధి అయింది.

సూర్యుడు, చంద్రుడు వంటి ఏకైక వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. రాణి ఒక్కతే కాబట్టి 'కోనింగిన్నెడాఖ్' (రాణి దినం) కు న్ లేదు. 2014 నుంచి ఆ పండుగ రాజు పేరున 'కోనింగ్స్‌డాఖ్' అయింది. ఎ పోయి స్ వచ్చింది. జంతువు పేరుతో మొదలయ్యే మొక్కల పేర్లకు మరో మినహాయింపు ఇచ్చి, 'పార్డెబ్లూమ్' (గుర్రంపువ్వు) ను న్ లేకుండా రాయమన్నారు. 2005 సవరణలో ఆ మినహాయింపు రద్దయి 'పార్డెన్‌బ్లూమ్' అయింది. పలుకులో అణువంత మార్పు లేకుండా పదేళ్లలో ఒక పువ్వు పేరు రాత ఇలా మారింది. 2006లో భాషాభిమానుల సంఘం 'ఓన్జె టాల్' తన 'తెల్ల పుస్తకం' వెలువరించి ఈ విషయంలో రాసేవారికి స్వేచ్ఛ ఇచ్చింది; కొన్ని ప్రముఖ దినపత్రికలు దాన్నే అనుసరించాయి.

విధాయకులు వినబడని అక్షరానికి అర్థం లేదనుకొన్నారు, అది కేవలం రూపమన్నారు. చదువరి మనస్సు అలా అనుకోలేదు. అతుకులోని ఎన్ బహువచన భావాన్ని రేపుతుందని స్ఖ్రోయ్డర్, బృందం 1998లో ప్రయోగపూర్వకంగా చూపారు. కంటికి కనిపించినదాన్ని మనస్సు ఊరికే వదలదు. మరి మాట్లాడేవారు కొత్త సమాసంలో అతుకును ఎలా ఎంచుకొంటారు? క్రాట్, బాయెన్, స్ఖ్రోయ్డర్ 2001లో చూపినదేమంటే, అదే ఎడమపదంతో ఇదివరకే ఉన్న సమాసాలలో ఏది ఎక్కువగా వాడుకలో ఉందో దాన్ని అనుసరిస్తారని. ఇక్కడా చుట్టరికమే. క్యాబేజీల ఊనికలో నేను ఊహించినది అతుకు ధ్వనుల్లో వారు లెక్కలతో నిరూపించారు. నియమం పెట్టేవారు అడగవలసిన ప్రశ్న 'అర్థమేమి' అన్నదీ కాదు, 'బహువచనమేమి' అన్నదీ కాదు. 'ఈ మాట చుట్టాలను జనం ఎలా అంటున్నారు' అన్నది.

4. ఖాళీ చేసే పని

రాతకు తనదైన పని ఉన్న చోటు ఒకటుంది. 'లాంగె ఆఫ్‌స్టాండ్' అంటే సుదీర్ఘమైన దూరం. 'లోపర్' అంటే పరుగెత్తేవాడు. కలిపి 'లాంగెఆఫ్‌స్టాండ్స్‌లోపర్' అని రాస్తే చాలా దూరం పరుగెత్తే క్రీడాకారుడు. 'లాంగె'ను విడదీస్తే పొడుగాటి క్రీడాకారుడు అవుతాడు. ప్రధానమైన ఊనిక రెండు చోట్లా 'ఆఫ్' మీదనే పడుతుంది. చెవికి ఉన్న ఆధారం స్వల్పం. కాగితం మీది ఖాళీ స్పష్టం. ఇంగ్లీషు ప్రభావంతో సమాసాలను విడదీసి రాసే అలవాటును డచ్చి ఉపాధ్యాయులు తప్పుపట్టేది ఇందుకే. ఈ ఒక్క విషయంలో వర్ణక్రమ నియమం చాదస్తం కాదు. 'పెద్దపులి' వేరు, 'పెద్ద పులి' వేరు అని తెలిసిన మనం దీన్ని కాదనలేము. 'చిన్నమ్మ' పినతల్లి, 'చిన్న అమ్మ' ఎవరో అడగాలి.

5. ముగింపు

బోయ్ గ్రంథం చెవిని నమ్మింది. అక్షరాల విషయంలో అందువల్లనే గెలిచింది. ఊనికలో నియమానికి లొంగని మాటల చుట్టరికాన్ని అది ఇంకా వెదకవలసింది. ఆకుపచ్చ పుస్తకం కంటిని నమ్మింది. ఖాళీ, అడ్డగీతల విషయంలో అది మేలుచేసింది, వినబడని న్ విషయంలో దారితప్పింది. చెవి నిర్ణయించగల చోట చెవికి, నిర్ణయించలేని చోట కంటికి పని అప్పగించడమే వర్ణక్రమానికి తగిన విభజన.

మనకు ఇందులో పాఠం ఉంది. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో తెలుగును ఇంట నేర్చి, బడిలో మరో లిపితో చదువుకొనే పిల్లలు దీర్ఘసమాసం దగ్గర తడబడేది అర్థం తెలియక మాత్రమే కాదు. ఎక్కడ ఆగాలో తెలియక. వారికి 'షష్ఠీ తత్పురుష' అన్న పేరు ముందుగా చెబితే ఆ తడబాటు తీరదు. అతుకు ఎక్కడుందో ముందు వినిపించాలి: ఏ సమాసంలో అది మూసుకొనిపోయిందో, దేనిలో తెరచి ఉందో, 'మీగడ' లో లాగా దేనిలో మానిపోయిందో. గురులఘువులు గుర్తించడం నేర్పే పాఠంలోనే ఈ పని జరగవచ్చు. దానికి కావలసిన సామగ్రి మన ఛందస్సులోను, బాలవ్యాకరణంలోను సిద్ధంగా ఉంది. పేరు పెట్టడం ఆ తరువాతి పని.